బూట్లు విప్పక్కర్లేదు నాన్నా: మాస్ట్రిక్ట్‌లో చర్చిలో పుస్తకాల షాపు

మా నాన్న గుమ్మం దగ్గర ఆగి, వంగి, బూటు లేసు విప్పడం మొదలుపెట్టారు. వెనక వస్తున్న నలుగురూ ఆగిపోయారు. "నాన్నా, ఇది షాపు. పుస్తకాల షాపు. విప్పక్కర్లేదు" అన్నాను. ఆయన వంగినవారు వంగినట్టే తల మాత్రం ఎత్తి చూశారు. రెండు వరసల రాతి స్తంభాలు, ఎక్కడో పైన కోసుగా కలిసే కమానులు, అంత ఎత్తు నుంచి దిగే వెలుతురు. "షాపా?" అన్నారు. అప్పటికే ఒక లేసు ఊడింది. అది అలా వేలాడుతుండగానే లోపలికి నడిచారు.

ఇది 2018 ఏప్రిల్ నాటి మాట. ఆ తర్వాత నేను అక్కడికి ఆరేడు సార్లు వెళ్లాను. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా "ఎక్కడికి తీసుకెళ్లమంటావ్, తులిప్ తోటలు అయిపోయాయి, గాలిమరలు అయిపోయాయి" అని అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పోతుంది కదా అని ఇప్పుడు కూర్చున్నాను.

షాపు పేరు బుక్‌హండెల్ డొమినికానెన్. మాస్ట్రిక్ట్‌లో ఉంది. ఐండ్‌హోవెన్ నుంచి రైల్లో గంట. స్టేషన్లో దిగి తిన్నగా నడిస్తే మాస్ నది మీద సెయింట్ సెర్వాస్ వంతెన వస్తుంది. అదీ 13వ శతాబ్దం నాటిదే, కాబట్టి కాళ్లు నొప్పులైనా అక్కడ టాక్సీ ఎక్కొద్దు, నడిచే దాటండి. దాటి బట్టల షాపుల వీధిలో కొంత దూరం పోతే కుడి పక్కన చిన్న వీధి, ఆ వెంటనే చిన్న చౌకు. అక్కడ బోర్డు కోసం వెతక్కండి. చర్చి గుమ్మానికి తుప్పు రంగు ఇనుప పెట్టె ఒకటి తగిలించినట్టు ఉంటుంది. అదే ద్వారం. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. "తాతయ్యా, తుప్పు పట్టిపోయింది, వీళ్ల దగ్గర పెయింటు కొనడానికి డబ్బుల్లేవు" అన్నాడు. అది కావాలని అలా తుప్పు పట్టనిచ్చే రకం ఉక్కు అని చెబితే తాతా మనవడూ ఇద్దరూ నమ్మలేదు.

డొమినికన్లనే క్రైస్తవ సన్యాసులు కట్టించుకున్న చర్చి ఇది. 1294లో ప్రతిష్ఠ జరిగింది. మా నాన్న ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆయనకి ఏ తేదీ చెప్పినా వెంటనే మన లెక్కలోకి మార్చుకుంటారు, యూరోలని రూపాయల్లోకి మార్చుకున్నట్టే. (ఆ ట్రిప్పంతా ప్రతి ధరనీ ఎనభైతో గుణిస్తూనే ఉన్నారు.) "1294 అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్నాడు. రుద్రమదేవి పోయి అయిదేళ్లు" అన్నారు. అంతే, ఆ రాళ్లు ఆయనకి చుట్టాలైపోయాయి.

తర్వాత కథ త్వరగా చెప్తాను. 1794లో ఫ్రెంచి సైన్యం మాస్ట్రిక్ట్‌ని పట్టుకుంది. రెండేళ్లకి మఠం మూసేశారు. సన్యాసులు వెళ్లిపోయారు, చర్చిలోకి గుర్రాలొచ్చాయి. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి పైగా అది గోడౌను, పాత కాగితాలు దాచే చోటు, చివరికి సైకిళ్ల స్టాండు. పుస్తకాలు వచ్చింది 2006లో. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్లు లోపలికి రాగానే మొహం అదోలా పెట్టి "పాపం, దేవుణ్ని పంపేసి వ్యాపారం పెట్టుకున్నారు" అంటారు. దేవుణ్ని పంపించింది పుస్తకాలవాళ్లు కాదు. గుర్రాలు కట్టేసి, సైకిళ్లు పెట్టుకున్న చోటికి పుస్తకాలొచ్చాయంటే అది ప్రమోషన్ కిందే లెక్క.

ఇక అసలు చూడాల్సింది. షాపు పెట్టాలనుకున్న కంపెనీకి 1,200 చదరపు మీటర్ల స్థలం కావాలి. చర్చి నేల మీద ఉన్నది 750. అలాంటప్పుడు మామూలుగా చేసే పని మధ్యలో ఇంకో అంతస్తు స్లాబు వేసేయడం. అద్దెలు పెంచుకోవడానికి మన ఊళ్లో ప్రతి ఇంటి ఓనరూ చేసేది అదే. అలా వేస్తే ఏమయ్యేది? కింద నించున్నవాడికి పైకప్పు కనపడదు, పైన నించున్నవాడికి చర్చి కనపడదు. మెర్క్స్ ప్లస్ గిరోడ్ అనే ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కిటెక్టులు ఆ పని చేయలేదు. కుడి పక్కన మాత్రమే, స్తంభాల వరసని కలుపుకుంటూ, నల్లటి ఉక్కుతో ఒక బ్రహ్మాండమైన పుస్తకాల బీరువా నిలబెట్టారు. లోపల మెట్లెక్కి అంతస్తులు అంతస్తులుగా తిరగొచ్చు. ఎడమ పక్కంతా ఖాళీగా వదిలేశారు, అక్కడ నడుమెత్తు బల్లలే. దాంతో ఓ పక్క నుంచి చూస్తే పూర్తి చర్చి, ఇంకో పక్క నుంచి చూస్తే పూర్తి పుస్తకాల షాపు. స్టోరు రూము, టాయిలెట్లు కింద తవ్విన సెల్లార్లో దాచారు. 2007లో దీనికి నెదర్లాండ్స్‌లో ఇంటీరియర్ డిజైన్‌కి ఇచ్చే లెన్స్‌వెల్ట్ బహుమతి వచ్చింది. 2008లో బ్రిటన్ పత్రిక గార్డియన్ ప్రపంచంలోని అందమైన పుస్తకాల షాపుల జాబితా వేస్తే మొదటి పేరు దీనిదే. రెండోది బ్యూనస్ ఎయిర్స్‌లో పాత నాటకశాలలో నడిచే షాపు. ఆ రెండూ పుస్తకాల కోసం కట్టిన భవనాలు కావు, గమనించారా?

ఆ బీరువా దగ్గర కొంచెం ఆగండి. ఉక్కు రాతిని ఎక్కడ తాకుతుందో వెతకండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు పనిగట్టుకుని వెతికాను. స్తంభానికీ నల్ల రేకుకీ మధ్య సందు. నా చెయ్యి దూరేంత సందు. అది గోడకి చేరగిలబడి లేదు, తన కాళ్ల మీద తను నించుంది. రక్షిత కట్టడం కాబట్టి ఎప్పుడు కావాలన్నా విప్పి తీసుకుపోయేలా ఉండాలని ముందే అనుకుని చేసిన పని అది. నేను హైదరాబాదులో, ఇక్కడ కలిపి పదిహేనేళ్లు అద్దె ఇళ్లలో బతికినదాన్ని. క్యాలెండర్‌కి మేకు కొట్టాలన్నా ఓనరుగారి మొహం గుర్తొచ్చేది. ఈ బీరువాది సరిగ్గా ఆ పద్ధతి. అద్దెకున్నానని దానికి తెలుసు.

మెట్లు కూడా అదే చిల్లుల రేకు. పైన ఎవరైనా నడిస్తే టక్ టక్ మని వినపడుతుంది, గొంతులు మాత్రం ఆ ఎత్తులో ఎక్కడో కరిగిపోతాయి. పై అంతస్తుకి వెళ్తే స్తంభాల తలకట్టులు మన తల పక్కనే ఉంటాయి. ఆ కాలంలో ఆ ఆకుల చెక్కుడు చేసినవాడు, ఇంత దగ్గర నుంచి ఎవరో చూస్తారని అనుకుని ఉండడు. ఒక పక్క వంటల పుస్తకాలు, ఇంకో పక్క ఉలి గాట్లు.

గోడల మీద, కప్పు మీద పాత చిత్రాలున్నాయి. కప్పు మీదవి 1619లో యాన్ వాసెన్స్ వేసినవి, చాలావరకు వెలిసిపోయాయి. గోడ మీద ఒకటి ఇంకా పాతది, 1337 నాటిది. థామస్ అక్వినాస్ అనే డొమినికన్ పండితుడి జీవితం. ఇది నేను మొదటిసారి చూడనే లేదు, నాన్నే కనిపెట్టారు. రంగు రాలిపోయి, మనుషులు గీతలుగా మిగిలిన బొమ్మ. పక్కనున్న చిన్న వివరణ మావాడు డచ్చిలో చదివితే నేను తెలుగులో చెప్పాను. ఆ థామస్‌ని పోప్ సెయింటుగా ప్రకటించింది 1323లో అని రాగానే నాన్న గోడ మీద చెయ్యి వేయబోయి ఆగిపోయారు. "1323 అంటే ఓరుగల్లు పడిపోయిన ఏడు. అక్కడ ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి కట్టి తీసుకుపోతుంటే, ఇక్కడివాళ్లకి పండగ" అన్నారు. తర్వాత పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. మా నాన్న పది నిమిషాలు ఊరుకున్నారంటే ఆ షాపుకి అంతకంటే మెచ్చుకోలు నేను రాయలేను.

నేను వెళ్లేముందు భయపడింది కాఫీ గురించి. చర్చిలో బలిపీఠం ఉండాల్సిన చోట, అంటే మన లెక్కలో గర్భగుడి దగ్గర, కాఫీ షాపు పెట్టారు. దానికి శిలువ ఆకారంలో పొడుగాటి బల్ల. నిజం చెప్పాలంటే ఆ బల్ల నాకు ఇప్పటికీ నచ్చదు. బీరువాలో అంత మర్యాద చూపించినవాళ్లు ఇక్కడ చమత్కారానికి ఆశపడ్డారనిపిస్తుంది. చర్చిలో కూర్చున్నామని మాకు తెలుసు, బల్ల కూడా చెప్పాలా? మా ఇంట్లో గుళ్లో కాళ్లు చాపుకుని కూర్చుంటేనే తిట్టేవారు. నాన్న ఎలా తీసుకుంటారో అని ముందే సర్దిచెప్పే మాటలు తయారు చేసుకున్నాను.

ఆయన ఆ బల్ల ఒక కొసన కూర్చుని, కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, "మా బడి కూడా ఇంతే కదమ్మాయ్" అన్నారు.

ఇది నాకు తెలియదు. నలభై ఏళ్లుగా కూతుర్ని, ఈ కథ వినలేదు. నాన్నది చీరాల దగ్గర పల్లె. ఆయన అయిదో తరగతి దాకా చదివింది మిషన్ బడిలో. పెంకులు కప్పిన ఒకటే పొడుగాటి గది. సోమవారం నుంచి శనివారం దాకా అందులో అయిదు తరగతులు, ఆదివారం ప్రార్థన. గోడకి చెక్క శిలువ, దాని ముందు మూడుకాళ్ల స్టాండు మీద నల్లబల్ల. శనివారం సాయంత్రం పెద్ద తరగతి పిల్లలు నల్లబల్లని తీసి గోడకి తిప్పి పెట్టి, నేల ఊడ్చి, చాపలు పరిచేవాళ్లు. సోమవారం పొద్దున మళ్లీ నల్లబల్ల శిలువకి అడ్డం వచ్చేది. "ఎక్కం మర్చిపోతే బల్ల మీదుగా శిలువ కొస కనిపించేది, అటు చూసేవాళ్లం" అన్నారు. గంట కూడా ఒకటే. గంటంటే గంట కాదు, చింతచెట్టుకి వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. బడికీ అదే, ప్రార్థనకీ అదే. ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కపెట్టుకుని ఏ పిలుపో తెలుసుకునేవాళ్లట.

"మరి చెప్పులు?" అనడిగాను. "ఉంటే కదా" అన్నారు. కాసేపాగి, "మేస్టారి చెప్పులు మాత్రం గడప బయటే ఉండేవి, ఆదివారమైనా సోమవారమైనా" అన్నారు. మన ఊళ్లలో ఇప్పటికీ చర్చికెళ్లినా చెప్పులు బయటే కదా. ఆయన గుమ్మం దగ్గర లేసు ఎందుకు విప్పారో అప్పుడు అర్థమైంది. నేను గుడి అలవాటనుకున్నాను, అది బడి అలవాటు.

డచ్చివాళ్లకి ఈ పనికి ఒక మాట ఉంది: హెర్‌బెస్టెమ్మింగ్. బెస్టెమ్మింగ్ అంటే గమ్యం, హెర్ అంటే మళ్లీ. భవనానికి మళ్లీ ఒక గమ్యం చూపించడం. చర్చికి వెళ్లేవాళ్లు తగ్గిపోయిన దేశం కాబట్టి ఈ మాట ఇక్కడ పేపర్లలో తరచుగా కనపడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పారడీసో అని పాటల కచేరీల హాలు, 1968 నుంచీ నడుస్తోంది, అంతకు ముందు అది ప్రార్థనాలయం. ఆర్నెమ్‌లో ఒక చర్చిలో పిల్లలు స్కేట్‌బోర్డులు తొక్కేవాళ్లు. మాస్ట్రిక్ట్‌లోనే ఇంకొకటుంది, క్రూయిస్‌హేరెన్ హోటల్. 15వ శతాబ్దపు మఠం, 2005లో హోటల్ అయింది. రాగి రంగు సొరంగంలోంచి లోపలికి పోవాలి. మేం బయట నుంచి చూసి వచ్చేశాం. రూము రేటుని నాన్న ఎనభైతో గుణించాక లోపలికి రానన్నారు.

అన్నీ ఇలా కుదరవు. ఊరి పేరు వద్దులెండి, ఒక చర్చిని రెస్టారెంటు చేసిన చోట స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లాం. మెనూని ప్రార్థనల పుస్తకంలా అచ్చేశారు. బిల్లు కానుకల పెట్టెలాంటి దాంట్లో పెట్టి తెచ్చారు. రంగురంగుల అద్దాల కిటికీల వెనక నుంచి ఊదారంగు లైట్లు, చెవులు పగిలే పాటలు. సూపు చల్లగా వచ్చిందంటే, వెయిటరు కుర్రాడు ఏదో దేవుడి జోకు వేశాడు. ప్రతి వస్తువూ "చూశావా, ఇది చర్చి, చూశావా" అని డొక్కలో పొడుస్తూనే ఉంది. డొమినికానెన్‌లో, ఆ కాఫీ బల్ల తప్ప, అలా పొడిచేది ఏదీ లేదు. పుస్తకాలు పుస్తకాల్లా ఉంటాయి, రాళ్లు రాళ్లలా ఉంటాయి.

షాపుగా ఎలా ఉందని అడుగుతారు కదా. ఎక్కువ డచ్చి పుస్తకాలే, ఇంగ్లీషు విభాగం కూడా బాగానే ఉంది. పిల్లల పుస్తకాలు మనసు పెట్టి ఏరి పెడతారు. మావాడు కప్పల గురించి ఒకటి పట్టుకుని నేల మీదే కూలబడ్డాడు, ఎవరూ లేవమనలేదు. పనిచేసేవాళ్లు పుస్తకాలు చదివేవాళ్లని రెండు మాటల్లో తెలిసిపోతుంది. దానికో కారణముంది. మొదట దీన్ని పెట్టింది సెలెక్సిజ్ అనే గొలుసు కంపెనీ, అంటే చాలా ఊళ్లలో షాపులున్నది. అది తర్వాత ఇంకో గొలుసుతో కలిసి పోలారె అయింది. 2014లో పోలారె దివాలా తీసింది. అప్పుడు ఈ షాపు మనుషులు చందాలడిగారు, కొనేవాళ్లు ఇచ్చారు, అలా దీన్ని సొంత షాపుగా నిలబెట్టుకున్నారు. ఇప్పుడున్న పేరు అప్పటి నుంచే. చర్చి నడవాలన్నా చందాలే, పుస్తకాల షాపు నడవాలన్నా చందాలే అని నాన్న నవ్వారు. రచయితలతో సాయంత్రం సభలు పెడుతుంటారు. ఒకదానికి వెళ్లాను. మాట్లాడేవాళ్లు ఆ కమానుల కింద తెలియకుండానే గొంతు తగ్గిస్తున్నారు.

ఫోటోలకి వచ్చేవాళ్లే ఎక్కువ. శనివారం మధ్యాహ్నం వెళ్తే పుస్తకాల కంటే ఫోన్లే ఎక్కువ కనపడతాయి. వీలుంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. పెద్దవాళ్లుంటే మెట్ల దగ్గర తొందర పెట్టకండి, చిల్లుల్లోంచి కింద కనపడుతుంటుంది కాబట్టి కొందరికి కళ్లు తిరుగుతాయి. నాన్న మాత్రం పై దాకా ఎక్కారు. ఇంకో మాట: ఫోటో తీసుకుని వచ్చేయకండి, ఒక్క పుస్తకమైనా కొనండి. బీరువా తన కాళ్ల మీద నించున్నా అద్దె కట్టాలి కదా. స్టార్లు అడిగితే అయిదుకి నాలుగున్నర. ఆ అర శిలువ బల్లకి తీసేశాను.

మావాడు కప్పల పుస్తకం, నేనొక వంటల పుస్తకం కొన్నాం. నాన్న అరగంట వెతికి, అన్నింటినీ ఎనభైతో గుణించి, చివరికి షాపు బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి తీసుకున్నారు. తిరుగు రైల్లో నా పెన్ను అడిగి రాశారు. బడిలో ఆయన పక్క చాప మీద కూర్చున్న స్నేహితుడు ఇంకా ఆ పల్లెలోనే ఉంటాడు, ఆయనకి. ఇంటికొచ్చాక స్టాంపు అంటిస్తూ చదివాను.

"ఒరేయ్, మన బడి లాంటిదే ఇక్కడ ఒకటి చూశాను. పెంకుల బదులు రాయి. లోపలంతా పుస్తకాలే. పట్టా ముక్క ఎక్కడా కనపడలేదు."